పాత ఫైబర్ బోటు అడుగు సరిచేశాం: ఐదు నెలలు నడిపాక నా రివ్యూ

నమస్కారం అండీ. మాది కర్నూలు. ఇప్పుడున్నది మాత్రం ముచ్చుమర్రి దగ్గర, శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున. ఇదిగో, బోర్లా తిప్పి పెట్టిన ఈ ఫైబర్ బోటు మా బావది. పొడవు 18 అడుగులు, వెడల్పు 5 అడుగులు. పోయిన వేసవిలో నేనూ బావా కలిసి దీన్ని విప్పి, ఎండబెట్టి, అడుగు వంకర తీసి మళ్లీ కట్టాం. ఆగస్టులో నీళ్లలోకి దించాం. ఐదు నెలలుగా వేటకు పోతోంది కాబట్టి ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

నెల్లూరు వైపు సముద్రంలో తిరిగిన బోటు ఇది. తర్వాత ఎవరి దొడ్లోనో రెండు రాళ్ల మీద ఏళ్ల తరబడి పడుంది. బావ 35,000కు కొని లారీలో వేసుకొచ్చాడు. ఇక్కడ చాలామంది పుట్టిలోనే, అంటే గుండ్రటి బుట్టపడవలోనే, చేపల వేటకు పోతారు. పుట్టి మంచిదే, తేలిగ్గా ఉంటుంది, ఒక్క మనిషి మోసుకుపోవచ్చు. కానీ డ్యామ్ నిండి నీటిమట్టం 885 అడుగులకు చేరినప్పుడు ఇక్కడ అవతలి ఒడ్డు చాలా దూరం జరిగిపోతుంది. గాలి లేచిందంటే పుట్టి గిర్రున తిరుగుతుంది తప్ప ముందుకు సాగదు. అందుకే బావ బోటు మీద మనసు పడ్డాడు.

తెచ్చిన వారంలోనే 9.9 హార్స్‌పవర్ మోటారు బిగించి ఒక రౌండ్ వేశాం. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూస్తే గంటకు 17 కిలోమీటర్లు దాటలేదు. ముక్కు దిగబడి, మడి దున్నుతున్నట్టు పోతోంది. ఇంజిన్ చాలదేమో, పెద్దది కొందామా అన్నాడు బావ. కొనొద్దు బావా, ముందు అడుగు చూద్దాం అన్నాను. మీకూ అదే చెబుతున్నా. మ్యాట్, అంటే రెసిన్ అనే జిగురుతో తడిపి వేసే గాజుపీచు గుడ్డ, అతికించే ముందు బోటును పూర్తిగా ఎండనివ్వండి, అడుగు తిన్నగా ఉందో లేదో కొలవండి. చాలామంది ఈ రెండూ వదిలేసి, పగిలిన చోటల్లా మ్యాట్ వేసి, పైన నిగనిగలాడే రంగు కొట్టేస్తారు. నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు రెండేళ్లలో నీళ్లపాలే.

కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురా నాయనా. ఈ రూపాయి బిళ్లతో కొడతాను, వినండి. టక్... టక్... గట్టిగా మోగుతోంది కదా, ఇది మంచి ఫైబర్. అప్పట్లో ఇక్కడ, వెన్నుకు (అడుగు మధ్యలో పొడవునా ఉండే గట్టుకు) కుడిపక్క జానెడు మేర, ఇలాగే కొడితే బీటలిచ్చిన కుండలా దబ్ దబ్‌మనేది. లోపల పొరలు విడిపోయాయన్నమాట. దాని పక్కనే కందిగింజంత బొబ్బలు. ఒకదాన్ని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాను. జిగట నీళ్లు చిమ్మాయి, వెనిగర్ వాసన. లోపల ఒత్తిడి ఉంటుంది, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఆ పని చేయకండి. జెల్‌కోట్ గుండా, అంటే ఫైబర్ మీది నున్నటి పైపూత గుండా, నీళ్లు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగి, లోపలి రెసిన్‌ను కరిగిస్తూ ఆమ్లంగా మారి, పైపొరను తోసుకొస్తాయి. దాని మీద రంగు కొట్టడమంటే చీము పట్టిన పుండుకు పౌడర్ అద్దడమే.

లోపలి నేలపలక కోసి తీస్తే కింద ఫోమ్ స్పాంజిలా నీళ్లు పట్టి ఉంది. మోటారు బిగించే వెనక పలకలో ప్లైవుడ్ చేతికి పొడిపొడిగా వచ్చింది. పాత స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగాయి, వేరే కారణం లేదు. విప్పకముందు కాటా వేయిస్తే బోటు 310 కిలోలు. ఇప్పుడు కొత్త పట్టెలు (అడుగు వంగకుండా లోపల కట్టే బద్దలు), కొత్త పలక, కొత్త నేల అన్నీ కలిపి 255. అంటే బావ ఒక మనిషి బరువు నీళ్లను ఊరికే మోసుకు తిరగబోయాడు.

మన కర్నూలు ఎండను అందరం తిట్టుకుంటాం. తడిసిన ఫైబర్‌కు మాత్రం అంతకంటే మంచి మందు లేదు. సముద్రం ఒడ్డున గాలిలోనే తేమ. ఇక్కడ మార్చి, ఏప్రిల్ రెండు నెలలు ఊరికే ఎండలో పెట్టాం. ఆరిందో లేదో చూడటానికి మిషన్ అక్కర్లేదు. అరగజం పారదర్శక ప్లాస్టిక్ కవరు తీసుకుని నాలుగు పక్కలా టేపు అంటించి ఎండలో వదిలేయండి. మర్నాటికి కవరు లోపలి వైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే. మాకు ఏడో వారానికి గానీ చెమట ఆగలేదు.

అదే ఎండ రెసిన్ పని దగ్గర శత్రువు. మొదటి రోజు పదకొండు గంటలకు, ఒకేసారి 3 కిలోల రెసిన్‌లో హార్డనర్, అంటే దాన్ని గట్టిపరిచే మందు, బకెట్లో కలిపాను. ఐదు నిమిషాల్లో బకెట్ చేతికి కాలింది, పొగ లేచింది, మొత్తం రాయిలా గట్టిపడింది. ఎక్కువ రెసిన్ లోతైన పాత్రలో ఉంటే దాని వేడి దాన్నే ఉడికించేస్తుంది. ఆ తర్వాత తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఆపేసేవాళ్లం. కిలోకు మించకుండా, వెడల్పాటి ట్రేలో, హార్డనర్ నూటికి ఒక పాలు చొప్పున. ఎండ ఉందని అంతకన్నా తగ్గించకండి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించింది. యాక్సిలరేటర్‌నూ (గట్టిపడటాన్ని త్వరపరిచే మందు) హార్డనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి, పేలుతుంది. ముందు యాక్సిలరేటర్ రెసిన్‌లో బాగా కలిపి, తర్వాతే హార్డనర్.

రెసిన్ విషయంలో ఒక దుకాణంలో నేను ఐసో (ఐసోఫ్తాలిక్ పాలిస్టర్) అడిగితే జీపీ (సాధారణ రకం పాలిస్టర్) అంటగట్టారు. డబ్బా మీద చదువుకుని వెనక్కిచ్చాను. నీళ్లలో ఉండే భాగానికి ఐసో రెసిన్ వాడండి, నీళ్లను జీపీ కంటే బాగా తట్టుకుంటుంది. ఇంకా మంచిది వినైల్ ఎస్టర్ అనే రెసిన్, ఖర్చు పెట్టగలిగితే.

ఇప్పుడు అసలు పని. ఈ ఆరడుగుల అల్యూమినియం చానెల్ చూడండి, కిటికీలకు వాడేదే. వెనక అంచు నుంచి ముందుకు, అడుగు మీద ఇలా ఆనించాను. ఇప్పుడు కింద కాగితం కూడా దూరడం లేదు. అప్పుడు మధ్యలో 11 మిల్లీమీటర్ల సందు. రాళ్ల మీద పడి ఉండటంతో అడుగు లోపలికి గుంటపడింది. 11 మిల్లీమీటర్లకే ఇంత గొడవా అనిపిస్తుంది. బోటు వేగం అందుకున్నాక వెనక భాగం మీదే నడుస్తుంది. అక్కడ గుంట ఉంటే నీళ్లు గుంట దాటాక వెనక అంచు దగ్గర కిందికి మళ్లి, తోకను పైకి లేపుతాయి. తోక లేస్తే ముక్కు దిగుతుంది. బోటు దున్నుతున్నట్టు పోయింది అందుకే.

ఈ గుంటను లప్పంతో పూడ్చేద్దాం అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్లు. అంత మందం లప్పం బోటు అలలకు కొట్టుకుంటుంటే పెచ్చులుగా ఊడిపోతుంది. మేం ముందు లోపలి పాత పట్టెలు కోసేశాం. అప్పుడు అడుగు మెత్తబడి వంగుతుంది. కింద రసమట్టం పెట్టి సరిచూసిన రెండు తిన్నని దూలాలు పరిచి, బోటును వాటి మీద నిలబెట్టి, లోపల ఇసుక మూటలు పేర్చాం. రెండు రోజుల్లో గుంట 11 నుంచి 4 మిల్లీమీటర్లకు దిగింది. మూటలు తీయకుండానే, వాటి మధ్యే కొత్త పట్టెలు పెట్టి మ్యాట్‌తో కట్టేశాం. గట్టిపడ్డాక మూటలు తీస్తే అడుగు కదల్లేదు. ఆ పొద్దు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మిగిలిన 4 మిల్లీమీటర్లకు బయటి నుంచి చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ పొరలు, మధ్యలో చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి. లప్పం చివర్లో పల్చగా మాత్రమే. తర్వాత మూడడుగుల చెక్కకు ఎమరీ పేపర్ అంటించి, ఏటవాలుగా అటూ ఇటూ రుద్దాం. చేతి గ్రైండర్‌తో రుద్దితే కొత్త గుంటలు పడతాయి.

పొరలు విడిపోయిన చోట అతుకు కూడా ఇలాగే ఓపికతో. ఫైబర్ మందం 4 మిల్లీమీటర్లు ఉంటే అంచును దానికి 12 రెట్లు, అంటే 48 మిల్లీమీటర్ల వరకు వాలుగా చెక్కాలి. అప్పుడే కొత్త మ్యాట్ పట్టు దొరకబుచ్చుకుంటుంది.

వెనక అంచు ముట్టుకుని చూడండి, చాకులా ఉందా? ఇసుక మీద ఈడ్చి ఈడ్చి ఇది గుండ్రంగా అరిగిపోయి ఉండేది. కుళాయి ధారకు గరిటె వీపు తాకించి చూడండి, నీళ్లు గరిటెను అంటుకుని లోపలికి లాక్కుంటాయి. గుండ్రటి అంచు దగ్గర బోటుకూ అదే లాగుడు. నీళ్లు అక్కడ టక్కున తెగిపోవాలి. అందుకే మూలంతా మళ్లీ కట్టి పదును తెచ్చాం.

వెనక పలకకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాం. ఐఎస్ 303 ఇంటి సామానుకు సరిపోతుంది, దీనికి వద్దు. ఫోమ్ బదులు థర్మాకోల్ పెడదామనుకునేవాళ్లు జాగ్రత్త, పాలిస్టర్ రెసిన్ తగిలితే కరిగిపోతుంది. అలాగని ఖాళీగా కూడా వదలొద్దు, బోటు నిండా నీళ్లొచ్చినా తేలేది దానివల్లే. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను చిన్నవాణ్ణి. మమ్మల్ని మిద్దె మీద నుంచి దించింది ఒక బోటు. అందుకే తేలే సంగతిలో నేను రూపాయి కూడా తగ్గించను. నీళ్లు పట్టని, మూసుకున్న గదుల ఫోమే వేశాం.

ఫలితానికి వద్దాం. అదే 9.9 మోటారు, అదే ఇద్దరం. జీపీఎస్‌లో గంటకు 25 కిలోమీటర్లు. ముక్కు లేచి, తిన్నగా పోతోంది. సామానుకు 41,000 అయింది, మా కూలి లెక్కవేసుకోలేదు. బోటు వెలతో కలిపితే 76,000. పెద్ద ఇంజిన్ మీద పెట్టి ఉంటే ఆ డబ్బుతో ఈ ఫలితం వచ్చేది కాదని నా నమ్మకం.

నిలబడనిది ఒకటుంది. ఇక్కడ ఒడ్డంతా రాయి. నీళ్లు దిగినప్పుడు బోటును ఈడ్చాల్సి వస్తుంది. వెన్ను మీద మేం వేసిన జెల్‌కోట్ మూరెడు మేర గీసుకుపోయి, ఇదిగో, లోపలి మ్యాట్ పీచు కనిపిస్తోంది. అక్కడ ముందే అరుగుడుకు ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ వేసి ఉండాల్సింది. ఎండాకాలం వచ్చి, డ్యామ్ నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడే వేళకు బోటు ఎలాగూ ఒడ్డెక్కుతుంది. అప్పుడు పట్టీ వేస్తాం. ఈ రోజుకు ఆ పీచు మీద రెండు పొరలు మ్యాట్ వేయాలి, పొద్దు ఎక్కకముందే. ట్రే ఇలా ఇవ్వు బావా.