కొచ్చిలో ఒక రోజు: ఖాళీ సమాధి, పది మంది మనుషులు

అందరికీ నమస్కారం.

పెళ్లయి పాతికేళ్లు నిండాయని మావారూ నేనూ కొచ్చి వెళ్లాం. ఒక రోజంతా పాత ప్రార్థనా మందిరాలకే ఇవ్వాలనుకుని గైడును మాట్లాడుకున్నాం. ఆ ఒక్క రోజు గురించే చెప్తాను.

ముందు ఫోర్ట్ కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. పోర్చుగీసులు 1503లో చెక్కతో కట్టారు, 1516 నాటికి రాతితో తిరిగి కట్టారు. నేను మెదక్‌లో పెరిగినదాన్ని. అక్కడి చర్చి 175 అడుగుల గోపురం నీడలో ఆడుకున్న నాకు ఇది చాలా చిన్నదిగా కనిపించింది. లోపల నేల మీద ఒక రాయి, చుట్టూ కంచె. వాస్కో డ గామా 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు. తర్వాత ఎముకలను పోర్చుగల్ తీసుకుపోయారు.

"అయితే ఇప్పుడు లోపల ఏమీ లేదా?" అన్నారు మావారు. లేదు.

వాస్కో డ గామా మీద నాకు గౌరవం లేదు. 1502లో మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను, ఆడవాళ్లూ పిల్లలూ లోపల ఉండగానే తగలబెట్టించాడు. నన్ను ఆపేసింది ఆ రాయి కాదు, గోడలు. 1663లో డచ్చివాళ్లు ఊరిని గెలిచి, కాథలిక్ చర్చిని ప్రొటెస్టెంట్ చర్చిగా మార్చుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు వచ్చారు. అయినా పోర్చుగీసుల సమాధి రాళ్లు ఒక గోడకు, డచ్చివాళ్లవి ఎదుటి గోడకు ఈరోజుకీ ఉన్నాయి. ఒకరినొకరు తరిమికొట్టుకున్నవాళ్లు అక్కడ ఎదురెదురుగా ఉన్నారు. ఇప్పుడది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి. మా మెదక్ చర్చిదీ అదే సభ. అది తెలిసేసరికి పుట్టింటివాళ్లు కనిపించినట్టయింది.

పక్కనే ఉన్న శాంటాక్రూజ్ బసిలికా అనే చర్చికి ఆ అదృష్టం లేదు. పాత కట్టడాన్ని ఇంగ్లీషువాళ్లు పడగొట్టేశారు. ఇప్పుడున్నది 1905లో ప్రతిష్ఠించినది. రంగులు బాగున్నాయి గానీ నా మనసు అప్పటికే వెనక ఉండిపోయింది.

మధ్యాహ్నం మట్టాంచేరి వెళ్లాం. 1568లో కట్టిన సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, అక్కడుంది. స్థలం ఇచ్చింది కొచ్చి రాజు, అదీ తన కోవెల గోడకు ఆనుకుని. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే కాళ్ల కింద చైనా నుంచి తెప్పించిన నీలం, తెలుపు పలకలు. చేత్తో వేసిన బొమ్మలు, ఏ రెండూ ఒకలా ఉండవట. మావారు వంగి ఒక్కొక్కటీ పోల్చి చూస్తూనే ఉన్నారు.

అక్కడే గైడు ఒక మాట చెప్పాడు. సామూహిక ప్రార్థన జరగాలంటే కనీసం పది మంది యూదు మగవాళ్లు ఉండాలి. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మిగిలినవాళ్లతో ఆ లెక్క తేలదు. బయటినుంచి యూదు యాత్రికులు వచ్చి పది మంది అయిన రోజునే ప్రార్థన. అది విని మావారు లేచి నిలబడ్డారు. మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మీరు వెళ్తే శనివారం, యూదుల పండుగ రోజులు మాత్రం పెట్టుకోకండి, సినగాగ్ మూసి ఉంటుంది. తెరిచి ఉండే రోజులు ముందే కనుక్కుని వెళ్లి, ఆ పలకల మీద కాసేపు కూర్చుని రండి.