తెల్లమద్ది బెరడు: దేనితో తీస్తే ఏది వస్తుంది?

సభకు నమస్కారం.

వాగుల ఒడ్డున పెరిగే తెల్లమద్దిని మీలో చాలామంది చూసే ఉంటారు. పాలిపోయిన నున్నని బెరడు పెచ్చులుగా ఊడుతుంది, లోపలి వైపు లేత ఎరుపుగా ఉంటుంది. జంగారెడ్డిగూడెం దగ్గరి గురవాయిగూడెంలో ఆంజనేయస్వామి కొలువైనది ఈ చెట్టు కిందనే. ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి కాలం నుంచీ ఈ బెరడును గుండె జబ్బులకు వాడుతున్నారు. అయితే ఇందులో ఏముందని ఎవరైనా అడిగితే, దేనితో, అంటే ఏ ద్రావకంతో, తీశారని ముందుగా మనం ఎదురడగాలి.

నీడన ఆరబెట్టి దంచిన పొడిని, వేడి ద్రావకంతో పదేపదే కడిగే సాక్స్‌లెట్ పరికరంలో మొదట హెక్సేన్‌తో తీస్తే కొవ్వులు, మైనాలు, స్టెరాల్స్ వస్తాయి. ఆ పిప్పినే ఇథైల్ అసిటేట్‌తో తీస్తే అర్జునోలిక్, అర్జునిక్ ఆమ్లాల వంటి ట్రైటెర్పినాయిడ్లు (30 కార్బన్ల చట్రమున్న పదార్థాలు), ఆపై మిథనాల్‌తో తీస్తే చక్కెర అతికిన గ్లైకోసైడ్లు, వగరునిచ్చే టానిన్లు ప్రధానంగా దిగుతాయి. మిథనాల్ సారంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయగానే టానిన్ల వల్ల సిరాలా నల్లబడుతుంది.

అసలు చిక్కు ఆ రెండు ఆమ్లాలతోనే. రెండింటిలోనూ 30 కార్బన్, 48 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువులే. ఒక హైడ్రాక్సిల్ (OH) సమూహం అర్జునోలిక్ ఆమ్లంలో 23వ కార్బన్ మీద, అర్జునిక్ ఆమ్లంలో 19వ కార్బన్ మీద ఉండటమే తేడా. అణుభారం రెండింటికీ సుమారు 488 కనుక, అణుభారం కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరులో ఆ ఒక్క అంకె చూసి పేరు పెట్టేయడం తొందరపాటు. పైగా ఇవి అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకోవు. 205–210 నానోమీటర్ల దగ్గర వెతకాలి, అక్కడేమో మలినాలూ కనిపిస్తాయి. అందుకే మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే హెచ్.పి.ఎల్.సి. పరికరంలో రెండింటినీ విడదీసి, శుద్ధమైన ప్రామాణిక నమూనాలతో పోల్చుకోవాలి.

ఇంతా చేసి మనం పరీక్షించేది ఈ ద్రావకాలతో తీసిన సారాలను. రోగి తాగేది క్షీరపాకం: ఒక వంతు బెరడుకు ఎనిమిది వంతుల పాలు, ముప్ఫై రెండు వంతుల నీరు పోసి, పాలు మాత్రమే మిగిలేదాకా మరిగించినది. టానిన్లు పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. నీటిలో అంతగా కరగని ట్రైటెర్పినాయిడ్లు పాలకొవ్వులోకి ఎంత చేరతాయో కొలిస్తే గాని చెప్పలేం. కాబట్టి క్షీరపాకాన్నే నమూనాగా తీసుకోవాలని నా అభిప్రాయం. దానిని ఆమ్లంతో విరగ్గొట్టి, తేట ద్రవాన్ని విశ్లేషణకు పంపేటప్పుడు, అడుగున మిగిలిన విరిగిన పాల ముద్దను పారేయక దానినీ విడిగా పరీక్షించాలి. టానిన్లలో చాలా భాగం అందులోనే చిక్కుకొని ఉండవచ్చు.