మూడో బేస్ దగ్గర పదకొండేళ్లు

సభాధ్యక్షులకు, వారాంతాల్లో నిద్ర మానుకుని పిల్లలను మైదానాలకు తిప్పిన తల్లిదండ్రులకు నమస్కారం. క్రీడలు, క్రమశిక్షణ అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. దానిని నేను ఒక్క మనిషికి కుదించుకుంటున్నాను, మన్నించండి. ఆయన కైల్ సీగర్; 2011 జూలై నుంచి 2021 అక్టోబరు వరకు మన సియాటిల్ బేస్‌బాల్ జట్టు మెరీనర్స్‌కే, మూడో బేస్ ఆటగాడిగా, 1,480 ఆటలు ఆడినవాడు.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు, బ్యాటర్ వరుసగా చుట్టి రావలసిన బేస్‌లలో మూడోదాని దగ్గర నిలబడే కష్టం ఒక పట్టాన అర్థం కాదు. కుడిచేతి బ్యాటర్ లాగి కొట్టిన బంతి నేరుగా దూసుకొచ్చే చోటు అది. ఆ బంతిని ఆపితే సగం పనే అయినట్టు. బ్యాటర్ పరుగెత్తి చేరేలోగా దాదాపు 127 అడుగుల దూరంలో ఉన్న మొదటి బేస్‌కు దానిని గురి తప్పకుండా విసరాలి.

బ్యాటర్ బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడమే హిట్; ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, బంతి విసిరే పిచ్చర్ ఆట ముగిస్తే దానిని నో-హిట్టర్ అంటారు. 2015 ఆగస్టు 12న మెరీనర్స్ పిచ్చర్ హిసాషి ఇవాకుమా అలాంటి ఆట ముగింపుకు చేరువైనప్పుడు, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి బ్యాటర్ కొట్టిన బంతి ఫౌల్ గీత అవతలికి లేచింది. సీగర్ బ్యాటర్‌కు వీపు తిప్పి పరుగెత్తుతూ, భుజం మీదుగా దిగివస్తున్న బంతిని పట్టుకున్నాడు. 2018 మే 8న టొరంటోలో మరో మెరీనర్స్ పిచ్చర్ జేమ్స్ పాక్స్టన్ నో-హిట్టర్ కూడా అంతే: ఏడో ఇన్నింగ్స్‌లో సీగర్ దూకి ఒక బంతిని ఆపాడు, ఆఖరి అవుట్ కూడా ఆయన చేతి మీదుగానే పడింది. ఆ బంతిని కొట్టిన జాష్ డొనాల్డ్‌సన్ కూడా మూడో బేస్ ఆటగాడే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. రెండు ఆటలూ రికార్డు పుస్తకాల్లో పిచ్చర్ల పేర్లతోనే ఉన్నాయి, ఉండవలసిందీ అలాగే. కానీ మనమూ అంతటితో సరిపెట్టుకోవాలా?

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మాయి రెండు సీజన్లు మూడో బేస్ ఆడింది. బహుమతుల నాడు పిచ్చర్‌కు ఒక కప్పు, ఎక్కువ కొట్టిన పిల్లకు ఒక కప్పు ఇచ్చారు. కారులో ఇంటికి వస్తూ, "నాన్నా, నేను ఆపిన బంతులు ఎవరైనా లెక్కపెట్టారా?" అని అడిగింది. నేను సిగ్నల్ వంక చూస్తూ ఉండిపోయాను.

సీగర్‌కు గుర్తింపే దక్కలేదని నేను అనను. 2014లో మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ వచ్చింది, ఏడేళ్లకు పది కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, కెరీర్‌లో 242 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. దక్కనిది సీజన్ తర్వాత మేటి జట్లు ఆడే ప్లేఆఫ్ ఆట, ఒక్కటంటే ఒక్కటి. తమ్ముడు కోరీ 2020లో ప్లేఆఫ్‌ల తుది పోరైన వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అన్నగారు ఆ మరుసటి ఏడు 35 హోమ్ రన్లు కొట్టినా, జట్టు 90 ఆటలు గెలిచినా, సీజన్ చివరి రోజున ఆశ అడుగంటింది. ఆ రోజు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆయనను మైదానం నుంచి పిలిపించినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడింది; ఆయన కన్నీళ్లతో బయటికి నడిచాడు. డిసెంబరులో విరమించాడు. 2022లో మెరీనర్స్ రెండు దశాబ్దాల తర్వాత ప్లేఆఫ్‌కు చేరినప్పుడు మూడో బేస్ దగ్గర వేరొకరు ఉన్నారు.

నిర్వాహకులారా, కప్పులు పంచే ముందు నాకు ఒక్క నిమిషం ఇవ్వండి. ఈ సీజన్‌లో మూడో బేస్ దగ్గర నిలబడిన పిల్లలందరూ ఒకసారి లేవండి. వెనక వరుసలో నీలం టోపీ పెట్టుకున్న బాబూ, నువ్వు కూడా లే నాయనా.