సైకిల్ ట్రాక్ మీద పరుగెత్తొచ్చా? నార్సింగి గొడవపై స్టూడియో చర్చ

(హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీద జాగింగ్ చేస్తున్న ఒకావిడకీ, వెనక నుంచి వచ్చిన సైక్లిస్టుకీ జరిగిన గొడవ వీడియో నార్సింగి, కోకాపేట వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాక పెట్టిన చర్చ ఇది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం. ఎవరి మాట ఎక్కువ వినిపించిందో వేరే చెప్పక్కర్లేదు.)

యాంకర్: నమస్కారం. 23 కిలోమీటర్ల ట్రాక్, పైన సోలార్ ప్యానెళ్ల కప్పు, 2023 అక్టోబరు 1న ప్రారంభం. సైకిళ్ల కోసం కట్టిన దాని మీద పరుగెత్తొచ్చా? నలుగురికీ సమాన సమయం ఇస్తాను. ముందు రన్నర్ మేడమ్. వీడియోలో ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, గమనించారా?

రన్నర్: గమనించానండి. కానీ ఆవిడ ఆ ట్రాక్ ఎందుకు ఎక్కిందో ముందు మాట్లాడుకోవాలి. మా గేటు దాటితే ఫుట్‌పాత్ ఉండదు. ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, టిఫిన్ బండి, కార్లు. సర్వీసు రోడ్డు మీద తెల్లారకముందే టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు. ఇక మిగిలింది...

కాలనీ అధ్యక్షుడు: మిగిలిందని సైకిల్ ట్రాక్ ఎక్కేస్తారా అమ్మా?

రన్నర్: నన్ను పూర్తి చేయనివ్వండి సార్.

అధ్యక్షుడు: చేయండి, కానీ విషయానికి రండి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ దాన్ని ఎవరికి కట్టింది? సైకిళ్లకి. పేరే సైకిల్ ట్రాక్. రేపు ఎవరో గేదెల్ని తోలుకొస్తారు, ఒప్పుకుంటారా?

సైక్లిస్ట్: గేదెల సంగతేమో గానీ బైకులైతే వస్తున్నాయి సార్.

అధ్యక్షుడు: చూశారా! బైకులు, వాకర్లు, సెల్ఫీలు, బర్త్‌డే కేకులు. ఎవరికి కట్టింది వాళ్లు వాడుకోవాలి. ఇదే నా పాయింట్.

సైక్లిస్ట్: నా బాధ వేరు. గంటకు 30 కిలోమీటర్ల స్పీడులో ఉన్న సైకిల్ బ్రేకేసిన చోటే ఆగదు. ముగ్గురు పక్కపక్కన నడుస్తుంటే బెల్ కొడతాం, తప్పుకోరు. అలాగని వాళ్లని తరిమేయమని నేననడం లేదు...

యాంకర్: బెల్ వినపడదు కదా, ఇయర్‌ఫోన్స్! నేను అదే అంటున్నా.

రిటైర్డ్ ఇంజినీర్: ఒక్క నిమిషం. ట్రాక్ వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు లేన్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5. ట్రాక్ బాగానే ఉంది. ఇంటి నుంచి ట్రాక్ దాకా వెళ్లే ఆ ఒక్క కిలోమీటరే ఎవరికీ పట్టలేదు. నడిచేవాళ్లకి అడ్డం లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణం...

రన్నర్: అదే సార్ నేను చెప్పేది! సైకిల్‌ని కారుకి కట్టుకుని ట్రాక్ దగ్గరికి పోయి, తొక్కి, మళ్లీ కారులో ఇంటికొస్తున్నాం. ఇదేం వ్యాయామం?

అధ్యక్షుడు: కారున్నవాడు తెచ్చుకుంటాడు, తప్పా? వ్యాయామానికి ట్రాకే కావాలా? పొద్దున్నే చిలుకూరు వెళ్లి బాలాజీకి 108 ప్రదక్షిణలు చేయండి. ఎన్ని కిలోమీటర్లో లెక్కేసుకోండి. పుణ్యం, వీసా, ఆరోగ్యం!

(నవ్వులు)

సైక్లిస్ట్: చిలుకూరు అంటే గుర్తొచ్చింది. ఆ వైపు రోడ్డులో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఆ మర్రిచెట్ల కింద తొక్కడమంటే మాకు పండగ. రోడ్డు విస్తరణలో వాటిని...

యాంకర్: మర్రిచెట్లకి ఇంకో రోజు పెడదాం. మేడమ్, సూటిగా అడుగుతున్నా. రోడ్డు మీద ఇయర్‌ఫోన్స్ బ్యాన్ చేయాలా, వద్దా?

రన్నర్: నేనైతే పెట్టుకోను, పెట్టుకోవద్దనే అందరికీ చెప్తాను. కానీ 2023 జూలైలో బండ్లగూడ సన్‌సిటీ దగ్గర ఉదయం నడకకి వెళ్లిన తల్లీకూతుళ్లు కారు గుద్ది చనిపోయారు. వాళ్లు రోడ్డు పక్కన నడుస్తున్నారండి, అంతే. మేము ట్రాక్ ఎందుకెక్కుతామో అర్థమవుతోందా?

యాంకర్: చాలా బాధాకరం. (ఆగి) ప్రెసిడెంట్ గారూ?

అధ్యక్షుడు: బాధాకరమే. అందుకే రోడ్డు మీదికి రావద్దంటున్నా. పార్కు ఉంది, పార్కులో పరుగెత్తండి.

రన్నర్: ఎనిమిది నిమిషాల్లో ఆరు చుట్లు తిరిగే పార్కు సార్ అది! హాఫ్ మారథాన్ 21 కిలోమీటర్లు, అక్కడ ప్రాక్టీస్ చేస్తే కళ్లు తిరుగుతాయి.

ఇంజినీర్: విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డుకి తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు రానివ్వరు. గండిపేట రోడ్డులో కూడా అలా...

అధ్యక్షుడు: విశాఖలో పక్కన సముద్రం ఉంది సార్, ఇక్కడ ఆఫీసులున్నాయి! షిఫ్ట్ క్యాబులు ఎటు పోవాలి? పాల వ్యాన్ ఎటు పోవాలి? స్కూలు బస్సు? రోడ్డు టాక్స్ కట్టేది ఎవరు? మీ బూట్లకి రోడ్డు టాక్స్ ఉందా?

రన్నర్: నాకూ కారుంది, నేనూ కట్టాను.

అధ్యక్షుడు: అయితే కారులో వెళ్లండి!

ఇంజినీర్: ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ కిందికి వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అది దయాధర్మం కాదు.

అధ్యక్షుడు: మంచిది. అయితే ముందు టిఫిన్ బండ్లు తీయించండి. ధైర్యముందా?

ఇంజినీర్: వాళ్లకీ 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. స్థలం కేటాయించాలి, తీసేయడం కాదు...

(ముగ్గురూ ఒకేసారి)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. అసలు కుక్కల సంగతి? తెల్లవారుజామున...

సైక్లిస్ట్: అబ్బో, దాని గురించి మొదలుపెడితే తెల్లారుతుంది. సైకిల్ చక్రం తిరుగుతుంటే చాలు, పిక్కల మీదికే వస్తాయి. దిగి నిలబడితే వదిలేస్తాయి గానీ, గుంపులో ముందున్నవాడు సడన్‌గా దిగితే వెనకున్న నలుగురూ పడతారు.

అధ్యక్షుడు: కుక్కలకి అన్నం పెట్టేది ఎవరు? ఈ వాకర్లే!

రన్నర్: సార్, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? మీ అపార్ట్‌మెంట్ గేటు ముందు ఫుట్‌పాత్ మీద సిమెంటు ర్యాంపు వేశారు. విజిటర్స్ కార్లన్నీ దాని పక్కనే, ఫుట్‌పాత్ మీదే పెడతారు. రోజూ అక్కడే నేను రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. అది తీయిస్తారా?

అధ్యక్షుడు: అది... అది వేరే విషయం. కార్లు లోపలికి ఎక్కాలా వద్దా? వర్షాకాలం నీళ్లు లోపలికి వస్తాయి. సెల్లార్లో మునిగితే మీరు వచ్చి తోడతారా?

రన్నర్: తీయిస్తారా లేదా?

అధ్యక్షుడు: మేము మెయింటెనెన్స్ కడుతున్నాం, ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం. ఎవరో వచ్చి మా గేటు గురించి అడగడమేంటి? నేను మళ్లీ చెప్తున్నా: సైకిల్ ట్రాక్ సైకిళ్లకి, రోడ్డు వాహనాలకి, పార్కు వాకర్లకి. ఎవరి చోట వాళ్లుంటే గొడవే లేదు.

సైక్లిస్ట్: ఆ లెక్కన ట్రాక్ దాకా నేను సైకిల్ ఎక్కడ తొక్కాలి సార్? రోడ్డు కూడా వాహనాలకే అన్నారుగా.

అధ్యక్షుడు: సైకిల్ చేత్తో పట్టుకుని నడిపించుకుపోండి.

రన్నర్: ఎక్కడ? ఫుట్‌పాత్ మీదా?

యాంకర్: సమయం అయిపోయింది. ప్రెసిడెంట్ గారూ, చివరిగా ఒక్క నిమిషం మీకు.

ఇంజినీర్: నాకు ఇందాకటి మాట సగంలోనే...

యాంకర్: వచ్చేసారి తప్పకుండా సార్.

అధ్యక్షుడు: చెప్పాల్సింది చెప్పేశాను. క్రమశిక్షణ ముఖ్యం. అంతే.

యాంకర్: మొత్తానికి ట్రాక్ సైకిళ్లకే ఉండాలనే అభిప్రాయం చర్చలో బలంగా వ్యక్తమైంది. ఇయర్‌ఫోన్స్ మీద మాత్రం అందరూ ఒకే మాట మీదున్నారు...

రన్నర్: అందరూ ఎప్పుడన్నారండి? ర్యాంపు సంగతి...

(ప్రకటనలు)