అద్దె సినిమా డబ్బు ఎవరికి చేరుతుంది?

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఈ విషయం మాట్లాడమని పిలిచినందుకు చాలా సంతోషం. మన దగ్గర సినిమా వ్యాపారం అంటే మొదటి మూడు రోజుల కలెక్షన్లే. ఉత్తరాంధ్ర హక్కులు ఎంతకి పోయాయి, షేర్ ఎంత వచ్చింది, బయ్యర్ ఒడ్డున పడ్డాడా లేదా, అక్కడితో మాట ఆగిపోతుంది. అదే సినిమా ఇంటికొచ్చాక ఏం సంపాదిస్తుంది, ఎవరికి సంపాదిస్తుంది అని అడిగేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

చదువుకునే రోజుల్లో నేను సాయంత్రాలు గంటస్తంభం దగ్గర్లో ఒక వీడియో క్యాసెట్ల షాపులో కూర్చునేవాణ్ణి. పండగలకీ పెళ్ళిళ్ళకీ టీవీ, క్యాసెట్ ఆడించే డెక్కు కలిపి రాత్రికి అద్దెకిచ్చే షాపు. వచ్చినవాళ్ళు మెట్ల మీంచే "కొత్తవేటున్నాయి?" అని అడిగేవారు గానీ, పెద్ద హీరో హిట్ సినిమాని అప్పటికే హాల్లో రెండుసార్లు చూసేసి ఉండేవారు కాబట్టి దాని ఊపు త్వరగానే తగ్గిపోయేది. అరలో నిలవకుండా తిరిగేవి కామెడీలు, దెయ్యం సినిమాలు, పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేవి, అన్నిటికంటే ఎక్కువగా 'టాక్ బాగోలేదట' అని హాల్లో వదిలేసినవి. కుటుంబమంతా హాలుకి వెళ్ళాలంటే టికెట్లు, రిక్షా, ఇంటర్వెల్ ఖర్చు అన్నీ లెక్కేసుకోవాలి. అద్దె క్యాసెట్ దగ్గర అంత ఆలోచన ఉండదు, నచ్చకపోతే ఆపేస్తారు. అందుకే హాల్లో నెగ్గే సినిమా, ఇంట్లో నెగ్గే సినిమా ఒకటే కానక్కర్లేదు.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ 'ది షాషాంక్ రిడెంప్షన్'. 1994లో అమెరికా థియేటర్లలో సరిగ్గా ఆడలేదు. తర్వాత ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, మరుసటి ఏడాది అక్కడ అత్యధికంగా అద్దెకి వెళ్ళిన వీడియోల్లో అది ముందు వరసలో నిలిచింది. మన 'ఖలేజా' సంగతి తెలిసిందే కదా, 2010లో హాల్లో నిరాశపరిచిన సినిమాని టీవీ ఇంటింటి సినిమా చేసింది. టీవీ అద్దె కాదు, నిజమే, కానీ జనం ఇంట్లో తీరిగ్గా ఇచ్చే తీర్పు మాత్రం అలాంటిదే.

ఇప్పుడు డబ్బు సంగతి. అమెరికా చట్టంలో ఒక నియమం ఉంది: షాపువాడు క్యాసెట్ కొన్నాక దాన్ని ఎన్నిసార్లు అద్దెకిచ్చుకున్నా స్టూడియోకి, అంటే సినిమా తీసిన సంస్థకి, పైసా ఇవ్వక్కర్లేదు. మరి స్టూడియోలు ఊరుకుంటాయా? అద్దె షాపులు కొనే క్యాసెట్‌కి అరవై, డెబ్బై డాలర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ధర పెట్టాయి, అంటే రాబోయే అద్దెల్లో తమ వాటా ముందే లాగేసుకున్నట్టు. పిల్లల సినిమాలైతే జనమే కొనుక్కుంటారని వాటికి ఇరవై, ముప్పై డాలర్ల లోపే పెట్టి లక్షల్లో అమ్మారు. అంత ధర పెట్టి షాపులు ఎన్ని కాపీలు కొంటాయి? కొత్త సినిమాకి శనివారం వెళితే 'బయటికెళ్ళింది' అనే మాటే వినాలి.

ఈ చిక్కు 1998 ప్రాంతంలో విడిపోయింది. బ్లాక్‌బస్టర్ అనే పెద్ద గొలుసు షాపుల సంస్థ స్టూడియోలతో కొత్త ఒప్పందం చేసుకుంది: కాపీకి ముందు కొద్ది డాలర్లే ఇస్తాం, వచ్చిన ప్రతి అద్దెలో మీకు దాదాపు నలభై శాతం ఇస్తాం అని. షాపులో కాపీలు నిండాయి, స్టూడియోకి ప్రతి అద్దె మీదా ఆదాయం మొదలైంది. నా దృష్టిలో సినిమా తీసినవాడికీ చూసేవాడికీ మధ్య లెక్క సరిగ్గా కుదిరిన పద్ధతి అదే. ఆ సంస్థ 2010లో దివాలా తీసిందన్నది వేరే కథ, ఆ పద్ధతి మాత్రం మంచిదే.

మన దేశంలో కాగితం మీద పరిస్థితి ఇంకా మెరుగు. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం కాపీ అమ్మేసినా సినిమాని అద్దెకిచ్చే హక్కు నిర్మాత దగ్గరే ఉంటుంది. కానీ మన ఊళ్ళలో తిరిగినవి చాలావరకు దొంగ కాపీలే. ఎన్నో రాత్రులు ఎన్నో ఇళ్ళలో నవ్వులు పంచిన సినిమాల నిర్మాతలకి, రచయితలకి ఆ అద్దెల్లోంచి ఏమీ చేరలేదు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ఫోన్‌లోనే అద్దె. ప్రైమ్ వీడియో 2022లో మన దేశంలో సినిమాకింత అని అద్దెకివ్వడం మొదలుపెట్టి, 'కేజీఎఫ్ చాప్టర్ 2'ని మే నెలలో 199 రూపాయలకి పెట్టింది. చందా లేనివాళ్ళు కూడా తీసుకోవచ్చు, చూడ్డం మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించాలి. జూన్ మొదటి వారానికల్లా అదే సినిమా చందాదారులకి విడిగా డబ్బు కట్టకుండానే వచ్చేసింది. అంటే ఆ 199 సినిమాకి కట్టింది కాదు, కొద్ది రోజులు ముందు చూడ్డానికి కట్టింది. అమెరికాలో 2020 ఏప్రిల్‌లో కరోనాకి హాళ్ళు మూతపడ్డప్పుడు యూనివర్సల్ ఒక పిల్లల సినిమాని 20 డాలర్లకి నేరుగా ఇళ్ళకి అద్దెకిస్తే, వచ్చిన దాంట్లో సుమారు 80 శాతం స్టూడియోకే మిగిలింది. థియేటర్ అయితే దాదాపు సగమే వచ్చేది. ప్రింట్ లేదు, హాలు అద్దె లేదు, లాభం అక్కడుంది.

చందా పద్ధతి అలా కాదు. మీరు నెలకి కట్టిన డబ్బులో ఏ సినిమాకి ఎంత వెళ్ళిందో మీకు తెలీదు, చాలా సందర్భాల్లో తీసినవాడికీ తెలీదు, ఎందుకంటే అతనికి మొత్తం ఒకేసారి ఇచ్చేస్తారు. పెద్ద సినిమాకి అది భరోసా, కాదనను. కానీ పేరున్న నటులు లేని చిన్న సినిమాని అసలు కొనేవాళ్ళే కష్టం, కొన్నా తక్కువకి కొంటారు, ఆ తర్వాత లక్ష ఇళ్ళలో ఆడినా ఆ తేడా నిర్మాతకి రాదు. సినిమాకింత అని కట్టే అద్దెలో మాత్రం, ఒప్పందం సరిగ్గా ఉంటే, మీరిచ్చిన రూపాయిలో వాటా మీరు ఎంచుకున్న సినిమాకే చేరుతుంది. పూసపాటిరేగలోనో పలాసలోనో కూర్చుని ఒక చిన్న సినిమాని నిలబెట్టే దారి ప్రేక్షకుడికి ఇదే.

ఇక్కడ రాజాం నుంచి, ఆమదాలవలస నుంచి సినిమాలు తీస్తున్న కుర్రాళ్ళు వచ్చారు, మీకో మాట. 'డిజిటల్ హక్కులన్నీ, ప్రపంచమంతటా, శాశ్వతంగా' అనే వాక్యం కింద తొందరపడి సంతకం పెట్టకండి. చందాకి చూపించే హక్కు, యాడ్స్ పెట్టి ఉచితంగా చూపించే హక్కు, సినిమాకింత అని అద్దెకిచ్చే హక్కు మూడూ వేర్వేరు, విడివిడిగా రాయించుకోవచ్చు. ఎన్నేళ్ళకి ఇస్తున్నారో చూడండి. మీ వాటా మొత్తం వసూలు మీదా, ఖర్చులు తీసేశాక మిగిలినదాని మీదా అన్నది గట్టిగా అడగండి, ఎందుకంటే ఆ ఖర్చుల గీత కిందే చాలామంది వాటా మాయమవుతుంది. లెక్కలు ఎన్ని నెలలకోసారి పంపుతారో కూడా కాగితం మీద ఉండాలి. ఎవరైనా ఒప్పందం కాగితాలు వెంట తెచ్చుకుని ఉంటే ముందుకు రండి, ఇప్పుడే కూర్చుని చూద్దాం.