విక్కా: పాత పేరు, కొత్త మతం

సభకు నమస్కారం. ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు, ‘మంత్రగత్తెల గురించా మీరు మాట్లాడేది?’ అని. అడగడంలో తప్పు లేదు. విక్కా అంటే పాత ఇంగ్లీషులో మంత్రగాడు. ‘విచ్’ అన్న మాటకు మూలం అదే. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని చంపిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి కనుక ఆ మాట వింటే మనకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంగ్లండులో కొందరు ఆ తిట్టునే కావాలని తమ పేరుగా పెట్టుకున్నారు.

ఈ మతాన్ని బయటపెట్టినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్. సిలోన్ తేయాకు తోటల్లో, తర్వాత మలయా కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. 1939లో దక్షిణ ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక రహస్య బృందం తనకు దీక్ష ఇచ్చిందనీ, వాళ్లది క్రైస్తవానికి ముందు నుంచీ వస్తున్న ఆచారమనీ చెప్పుకున్నాడు. మంత్రశక్తులున్నాయని చెప్పుకునేవాళ్లను శిక్షించే 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. ఆ అడ్డు తొలిగాక, 1954లో ఈ మతం గురించి ఆయన పుస్తకం వచ్చింది.

అంత పాతదన్న మాటను చరిత్రకారులు ఒప్పుకోరు. ఆ పూజా పాఠాల్లో ఫ్రీమేసన్లనే రహస్య సంఘం దీక్షల పోలికలున్నాయి, అలీస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు మంత్రవాద రచయిత రాతలున్నాయి. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియంటే ఆ క్రౌలీ వాక్యాలను ఇట్టే పట్టేసింది. గార్డ్‌నర్ మొహం మీదే చెప్పి, ఆ పాఠాల్లో చాలా భాగం తనే తిరగరాసింది. నన్నడిగితే ఈ మతంలో అసలు కవి ఆవిడే. కొత్తగా పుట్టినంత మాత్రాన అది మతం కాకుండా పోతుందా? ఏ మతమైనా ఒకప్పుడు కొత్తదే కదా.

పూజ ఎలా ఉంటుందో చెబుతాను. గుడి ఉండదు. ఇంట్లో ఓ గదైనా, పెరడైనా చాలు. నాలుగు దిక్కులా నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తారు. నల్ల పిడి కత్తి ఒకటి ఉంటుంది, అథామే అంటారు. దాంతో ఉల్లిపాయ కూడా తరగరు. దాన్ని చాచి పట్టుకుని, మనం ప్రదక్షిణ చేసే వైపే నడుస్తూ గాలిలో వలయం గీస్తారు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమట నీటిని, ఉత్తరాన భూమిని పిలుస్తారు. అమ్మవారినీ, కొమ్ముల దేవుణ్నీ తలుచుకుంటారు. కత్తి మొనను ద్రాక్షసారా గిన్నెలో ముంచుతారు, ఆ తర్వాత ఆ గిన్నె చేతులు మారుతూ అందరి దగ్గరికీ వస్తుంది. కొన్ని బృందాల్లో ఇదంతా నగ్నంగానే జరుగుతుంది. పేపర్లు పట్టుకున్నది ఆ ఒక్క సంగతినే అనుకోండి!

కొమ్ములు చూసి సైతాను అంటారు. సైతాను క్రైస్తవుల లెక్కలోని వాడు, వీళ్లకు వాడితో పని లేదు. ఎవరికీ హాని చేయనంత వరకు నీ ఇష్టం, ఇదే వీళ్ల నీతి.

ఏడాదికి ఎనిమిది పండగలు, అన్నీ ఋతువుల్ని బట్టే. చనిపోయినవాళ్లను తలుచుకునే సావిన్ అక్టోబరు 31న. ఆస్ట్రేలియాలో అప్పుడు వసంతం కదా, అక్కడ చాలామంది దాన్ని ఏప్రిల్ చివరికి మార్చుకున్నారు.

అమెరికాలో 1986లోనే అప్పీలు కోర్టు దీన్ని మతంగా ఒప్పుకుంది. అయినా 2005లో ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయిన ఒక విక్కన్ సైనికుడి సమాధి ఫలకం మీద వాళ్ల చిహ్నం చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన భార్య కోర్టుకెక్కింది. 2007లో అనుమతి వచ్చింది, వలయంలో ఐదు కోణాల నక్షత్రం.