అంకె ఒకటే, ఊపు వేరు

అందరికీ నమస్కారం.

ఎక్కడ భూమి కంపించినా మర్నాడు పత్రికల్లో ఒకే వాక్యం: "రిక్టర్ స్కేలుపై తీవ్రత 7.0గా నమోదైంది." అందులో రెండు పొరపాట్లున్నాయి. పెద్ద భూకంపాలను రిక్టర్ స్కేలుతో కొలవడం మానేసి దశాబ్దాలైంది. ఇప్పుడు వాడేది మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే కొలమానం. అది పోనివ్వండి, చిన్న తప్పే. రెండోదే అసలు చిక్కు. ఆ అంకె తీవ్రత కాదు, పరిమాణం. భూగర్భంలో ఎంత శక్తి విడుదలైందో చెబుతుంది, అంతే. మీరు నిలుచున్న చోట నేల ఎంతగా ఊగిందన్నది తీవ్రత. భూకంపానికి పరిమాణం ఒక్కటే. తీవ్రత ఊరికొక రకం.

ఇంతకీ ఆ శక్తి ఎక్కడిది? భూమి పైపొర పలకలుగా పగిలి ఉంది. ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటాయి. అవి ఒరుసుకునే అంచులు మాత్రం రాపిడికి బిగుసుకుపోతాయి. అంచు కదలదు, వెనకున్న పలక ఆగదు. మధ్యలో రాయి విల్లులా వంగుతుంది. రాయి వంగడమేమిటంటారా? 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో శాన్ ఆండ్రియాస్ భ్రంశానికి, అంటే పలకలు ఒరుసుకునే పగులుకు, అడ్డంగా ఉన్న కంచెలు తెగి, కొన్నిచోట్ల ఆరు మీటర్ల దాకా పక్కకు జరిగాయి. పాత సర్వే కొలతలను కొత్తవాటితో పోల్చిన భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్, ఏళ్లతరబడి వంగుతూ వచ్చిన రాయి ఆ రోజు ఒక్కపెట్టున విడివడిందని తేల్చాడు. అన్నట్టు, ఆ నగరాన్ని కంపం కన్నా తర్వాత అంటుకున్న మంటలే ఎక్కువ నాశనం చేశాయి.

ఇప్పుడు 2010కి వద్దాం. జనవరిలో హైతీలో 7.0, ఫిబ్రవరిలో చిలీలో 8.8. అంకె ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన చిలీలో వెలువడిన శక్తి హైతీకి దాదాపు 500 రెట్లు. చిలీలో చనిపోయినవారు, సునామీతో కలిపి, 500 పైచిలుకు. హైతీలో లక్ష దాటారన్న అంచనాలే ఎక్కువ. అక్కడ భ్రంశం రాజధాని పక్కనే, తక్కువ లోతులో విరిగింది; పైన చాలినంత ఇనుము లేని కాంక్రీటు. చిలీ 1960లో 9.5 చూసిన దేశం. ఆ తర్వాత భవన నిబంధనలను బిగించింది.

దూరాన్ని నమ్ముకోవడానికీ లేదు. 1985లో మెక్సికో సిటీని కూల్చిన భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల అవతల, పసిఫిక్ తీరంలో ఉంది. నగరంలో చాలా భాగం ఎండిపోయిన సరస్సు అడుగున కట్టింది. ఆ మెత్తటి బంకమట్టి రెండు సెకన్లకొకసారి అటూ ఇటూ ఊగింది. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తూ పోతే ఏమవుతుంది? మధ్యరకం ఎత్తున్న భవనాలకు, సుమారు ఆరు నుంచి పదిహేను అంతస్తులవాటికి, అదే జరిగింది. వాటి సహజమైన ఊపూ మట్టి ఊపూ కలిశాయి. చుట్టుపక్కల పొట్టి ఇళ్లు చాలావరకు నిలిచాయి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల టోరే లాటినోఅమెరికానా కూడా అదే బంకమట్టి నేలలో నిలబడింది.